చిట్టా, ఆవర్జా, ఆగిన సర్వరు: కరెంటు పోయిన తరువాత డేటాబేసు కోలుకునే విధానం

బ్యాంకు, ఆసుపత్రి, రైల్వే రిజర్వేషను, విశ్వవిద్యాలయం పరీక్షల విభాగం - వీటిలో దేని లెక్కలైనా ఈనాడు ఏదో ఒక డేటాబేసు సర్వరులోనే ఉంటున్నాయి. తెలుగు శాఖలు తయారుచేసుకొనే గ్రంథసూచికలు, నిఘంటువుల పదపట్టికలు, తాళపత్రాల జాబితాలు కూడా క్రమంగా అక్కడికే చేరుతున్నాయి. ఆ సర్వరు పనిచేస్తుండగా హఠాత్తుగా కరెంటు పోతే లోపలి సమాచారం ఏమవుతుంది? తిరిగి కరెంటు వచ్చాక సర్వరు తనంతట తాను ఎలా కోలుకుంటుంది? కోలుకోకపోతే మనం ఏం చేయాలి, ఏం చేయకూడదు? ఈ ప్రశ్నలకు సమాధానం తెలుసుకోవడం కంప్యూటరు శాస్త్రం చదివేవారికే కాక, సమాచారాన్ని సేకరించి భద్రపరిచే ప్రతి విద్యార్థికీ అవసరం.

కరెంటు పోవడం మనకు కొత్త కాదు. 2012 జూలై 30న ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది. మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పడిపోయాయి. 60 కోట్లకు పైగా జనాభా ఉన్న ప్రాంతంలో సరఫరా ఆగింది. తూర్పు గ్రిడ్‌లోని ఒడిశాకూ ఆ దెబ్బ తగిలింది. దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఒకే లయలో కలిసి ఉండలేదు గనుక ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు ప్రాంతాలు తప్పించుకున్నాయి. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూరు 765 కిలోవోల్టుల లైనుతో ఆ కలయిక జరిగింది. ఇక తుపానుల సంగతి తీరప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2014లో సరిగ్గా అదే తేదీన విశాఖపట్నం మీదికి వచ్చిన హుద్‌హుద్ స్తంభాలను నేలకూల్చి రోజుల తరబడి చీకటి మిగిల్చాయి. ఇంత పెద్ద విపత్తులే రానక్కరలేదు. యూపీఎస్ బ్యాటరీ పాతబడినా, ఎవరి కాలో తగిలి ప్లగ్గు ఊడినా సర్వరుకు ఒకటే.

సమాచారం నిజంగా ఎక్కడ ఉంటుంది?

డేటాబేసు అంటే డిస్కు మీద ఉండే ఫైళ్ళ సమూహం. ఆ ఫైళ్ళను సర్వరు సమానమైన ముక్కలుగా విభజించుకొని వాడుతుంది. ఒక్కొక్క ముక్కను పేజీ అంటారు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేసులో మామూలుగా పేజీ పరిమాణం 8 కిలోబైట్లు. మైఎస్‌క్యూఎల్‌లో 2010లో వెలువడిన 5.5 వెర్షను నుంచి ప్రధాన నిల్వయంత్రంగా ఉన్న ఇన్నోడీబీలో అది 16 కిలోబైట్లు.

ఎవరైనా ఒక వరుసను మార్చమని అడిగినప్పుడు సర్వరు ఆ పేజీని డిస్కు నుంచి మెమరీలోకి తెచ్చుకొని అక్కడ మారుస్తుంది. మార్చిన పేజీని వెంటనే డిస్కుకు పంపదు. అందుకు కారణం వేగం. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఒకచోట ఒక పేజీ, మరొకచోట మరొక పేజీ రాస్తూ పోతే సెకనుకు వంద పేజీలకు అటూ ఇటూగా మాత్రమే రాయగలం. నేటి ఎస్‌ఎస్‌డీలు ఎంతో వేగవంతమైనవే అయినా, మెమరీతో పోలిస్తే అవీ నెమ్మదే. అందువల్ల మారిన పేజీలు కొంతకాలం మెమరీలోనే ఆగి, వీలు చూసుకొని గుంపుగా డిస్కు చేరతాయి.

కరెంటు పోతే మెమరీ ఖాళీ అవుతుంది. అప్పుడు డిస్కు మీద రెండు రకాల చిక్కులు మిగులుతాయి. ఒకటి: పని పూర్తయిందని వినియోగదారుకు చెప్పేశాం, కాని మారిన పేజీ డిస్కుకు చేరలేదు. రెండు: పని సగంలోనే ఉంది, కాని ఆ సగం పని తాలూకు పేజీ మాత్రం డిస్కుకు చేరిపోయింది. మొదటి దానిలో జరిగిన పని పోతుంది. రెండవదానిలో జరగని పని జరిగినట్లు కనిపిస్తుంది. ఒక ఖాతాలో 500 రూపాయలు తగ్గించి మరొక ఖాతాలో కలపవలసిన పని మధ్యలో ఆగితే ఆ డబ్బు ఎవరిదీ కాకుండా పోతుంది.

ఇలా విడదీయరాని పనుల కట్టనే లావాదేవీ అంటారు. అది జరిగితే మొత్తం జరగాలి, లేకపోతే అసలు జరగనట్లే ఉండాలి. ఒకసారి ‘ఖరారైంది’ అని చెప్పాక ఆ మాట తప్పకూడదు. ఈ లక్షణాలతోపాటు మరి రెండింటిని కలిపి 1983లో హెర్డర్, రాయిటర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు ‘ఆసిడ్’ అన్న పొట్టిపేరు పెట్టారు. ఆ పేరే నేటికీ పాఠ్యపుస్తకాలలో నిలిచి ఉంది.

చిట్టా రాసిన తరువాతే ఆవర్జా

ఈ చిక్కుకు డేటాబేసు శాస్త్రం కనుగొన్న పరిష్కారం మన వర్తకులకు పాత సంగతే. దుకాణంలో జరిగిన ప్రతి లావాదేవీని జరిగిన వరుసలోనే మొదట చిట్టాలో వేసేవారు. తరువాత తీరిక చూసుకొని ఒక్కొక్కరి పేరు మీద ఉన్న ఖాతాలోకి, అనగా ఆవర్జాలోకి ఎక్కించేవారు. షోలాపూరు మరాఠీలో వీటినే కీర్ద, ఖతావణీ అంటారు. కన్నడంలోనూ కిర్ది అన్న మాట ఉంది. తమిళనాడులో చిట్టా అన్న మాట నేడు భూమి రికార్డుల దగ్గర ఎక్కువగా వినిపిస్తుంది. చిట్టా పోకుండా ఉన్నంతవరకు ఆవర్జా పాడైనా దానిని తిరిగి రాసుకోవచ్చు. చిట్టా లేని ఆవర్జాలో మాత్రం ఏ అంకె ఎందుకు వచ్చిందో చెప్పగలవారుండరు.

డేటాబేసులోని పేజీలు ఆవర్జా వంటివి. వాటికి తోడుగా సర్వరు మరొక ఫైలు నడుపుతుంది. ప్రతి మార్పునూ జరిగిన వరుసలో దాని చివరన చేర్చుకుంటూ పోతుంది. దీనిని సాంకేతికంగా లాగ్ అంటారు. మనం చిట్టా అందాం. చిట్టాకు ఎప్పుడూ చివరనే రాయాలి గనుక డిస్కు అటూ ఇటూ వెతుక్కోనక్కరలేదు. అందుకే పేజీలను రాయడం కన్నా చిట్టా రాయడం చాలా చవక.

ఈ పద్ధతికి రెండు నియమాలున్నాయి.

మొదటిది: మారిన పేజీ డిస్కుకు పోయే ముందే, ఆ మార్పు తాలూకు చిట్టాపద్దు డిస్కుకు చేరి ఉండాలి.

రెండవది: లావాదేవీ ఖరారైందని వినియోగదారుకు చెప్పే ముందే, ఖరారు పద్దుతో సహా దాని చిట్టాపద్దులన్నీ డిస్కుకు చేరి ఉండాలి.

మొదటి నియమం వల్ల సగంలో ఆగిన పనిని వెనక్కి తీయగలుగుతాం. రెండవ నియమం వల్ల ఇచ్చిన మాట నిలుస్తుంది. 1970లలో శాన్ హోసేలోని ఐబీఎం ప్రయోగశాలలో సిస్టమ్ ఆర్ అనే ప్రయోగాత్మక డేటాబేసు మీద జరిగిన కృషిలో ఈ ఆలోచనలు గట్టిపడ్డాయి. ఆ బృందంలోని జిమ్ గ్రే 1998 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం పొందాడు. ఈ విధానాన్ని సమగ్రంగా సూత్రీకరించి 1992లో ‘ఏరీస్’ అన్న పేరుతో ప్రకటించినది ఐబీఎంలోనే పనిచేసిన సి. మోహన్, ఆయన సహచరులు. మోహన్ మద్రాసు ఐఐటీ పూర్వ విద్యార్థి. తరువాత వచ్చిన అనేక డేటాబేసుల పునరుద్ధరణ విధానానికి ఆ వ్యాసమే పునాది.

మూడు దశల పునరుద్ధరణ

కరెంటు వచ్చి సర్వరు మళ్ళీ మొదలైనప్పుడు ఏరీస్ పద్ధతిలో మూడు దశలు నడుస్తాయి: పరిశీలన, తిరిగి చేయడం, వెనక్కి తీయడం. ఒక చిన్న ఉదాహరణ చూద్దాం.

చిట్టాలో నాలుగు పద్దులున్నాయనుకుందాం. 101వ పద్దు: మొదటి లావాదేవీ 7వ పేజీలో 5,000ను 4,500గా మార్చింది. 102వ పద్దు: రెండవ లావాదేవీ 12వ పేజీలో 800ను 900గా మార్చింది. 103వ పద్దు: మొదటి లావాదేవీ 9వ పేజీలో 2,000ను 2,500గా మార్చింది. 104వ పద్దు: మొదటి లావాదేవీ ఖరారైంది. ఇంతలో కరెంటు పోయింది. అప్పటికి 7, 9 పేజీలు పాత రూపంలోనే డిస్కు మీద ఉన్నాయి. 12వ పేజీ మాత్రం కొత్త రూపంలో డిస్కుకు చేరిపోయింది.

పరిశీలన దశలో సర్వరు చిట్టాను చదివి, మొదటి లావాదేవీ ఖరారైందనీ, రెండవది కాలేదనీ తెలుసుకుంటుంది.

రెండవ దశలో చిట్టాను వరుసగా అమలు చేస్తుంది. ప్రతి పేజీ తల మీద, తనను చివరగా మార్చిన పద్దు సంఖ్య రాసి ఉంటుంది. 7వ పేజీ మీద 101 కన్నా చిన్న సంఖ్య ఉంది గనుక ఆ మార్పును తిరిగి చేస్తుంది. 12వ పేజీ మీద ఇప్పటికే 102 ఉంది గనుక దానిని ముట్టుకోదు. 9వ పేజీ మీద 103వ పద్దును అమలు చేస్తుంది. ఈ దశ ముగిసేసరికి కరెంటు పోయిన క్షణంలో మెమరీ ఎలా ఉండేదో సరిగ్గా అలాంటి స్థితి ఏర్పడుతుంది.

మూడవ దశలో ఖరారు కాని రెండవ లావాదేవీని వెనక్కి తీసి 12వ పేజీలో తిరిగి 800 వేస్తుంది. ఇలా వెనక్కి తీసిన సంగతిని కూడా చిట్టాలో 105వ పద్దుగా రాస్తుంది. ఇది చాలా ముఖ్యం. పునరుద్ధరణ జరుగుతుండగానే మళ్ళీ కరెంటు పోవచ్చు. అప్పుడు సర్వరు మొదటినుంచి ఇదే పని చేసినా, ఒకసారి వెనక్కి తీసిన దానిని రెండవసారి తీయదు. ఎన్నిసార్లు ఆగినా ఫలితం ఒకటే.

చిట్టా మొత్తాన్ని ఆదినుంచి చదవడం సాధ్యం కాదు గనుక, సర్వరు అప్పుడప్పుడు చెక్‌పాయింట్ వేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో చెక్‌పాయింట్ అంటే, అది మొదలైన చోటికి ముందున్న పద్దుల తాలూకు మార్పులన్నీ పేజీలలోకి చేరాయని హామీ. పునరుద్ధరణ అక్కడినుంచి మొదలుపెడితే చాలు. మామూలు అమరికలో ప్రతి 5 నిమిషాలకు ఒకసారి ఇది జరుగుతుంది. చిట్టా బాగా పెరిగితే అంతకుముందే జరుగుతుంది. చెక్‌పాయింట్ల మధ్య దూరం పెరిగినకొద్దీ పునరుద్ధరణకు పట్టే సమయం పెరుగుతుంది.

పోస్ట్‌గ్రెస్‌లో మూడవ దశ ఈ రూపంలో ఉండదు. అందులో పాత వరుసను చెరిపి కొత్తది రాయరు. కొత్తది పక్కన చేరుస్తారు. ఖరారు గుర్తు లేని లావాదేవీ రాసిన వరుసలు ఎవరికీ కనిపించవు. తరువాత వ్యాక్యూమ్ అనే ప్రక్రియ వాటిని తుడిచివేస్తుంది. ఇన్నోడీబీ మాత్రం తిరిగి చేయడానికి ఒక చిట్టా, వెనక్కి తీయడానికి మరొక చిట్టా నడుపుతుంది.

సగం రాసిన పేజీ

8 కిలోబైట్ల పేజీని రాస్తున్నప్పుడు డిస్కు దానిని 512 లేదా 4,096 బైట్ల ముక్కలుగా రాస్తుంది. మధ్యలో కరెంటు పోతే పేజీలో ముందు సగం కొత్తది, వెనుక సగం పాతది అయి కూర్చుంటుంది. అటువంటి పేజీ మీద చిట్టాపద్దును అమలు చేసినా ఫలితం నమ్మదగినది కాదు, ఎందుకంటే పద్దులో మార్పు మాత్రమే ఉంటుంది, పేజీ మొత్తం ఉండదు.

దీనికి పోస్ట్‌గ్రెస్ ఒక ఉపాయం చేస్తుంది. చెక్‌పాయింట్ తరువాత ఒక పేజీని మొదటిసారి మార్చినప్పుడు, ఆ పేజీ మొత్తాన్ని చిట్టాలోకి నకలు తీసుకుంటుంది. పునరుద్ధరణలో ఆ నకలును యథాతథంగా వేసి, తరువాతి మార్పులను దాని మీద అమలు చేస్తుంది. ఇన్నోడీబీ పేజీలను ముందుగా వేరొక చోట రాసి, అది భద్రంగా చేరాక అసలు చోట రాస్తుంది. రెండింటిలో ఏదో ఒక ప్రతి తప్పక పూర్తిగా ఉంటుంది. వేగం కోసం ఈ రక్షణలను ఆపివేయమని సలహాలిచ్చేవారు ఉంటారు. కింది నిల్వ వ్యవస్థ ఆ పని తానే చేస్తుందని నిశ్చయంగా తెలిస్తే తప్ప ఆ సలహా పాటించకూడదు.

డిస్కు మాట నమ్మవచ్చునా?

పై కథంతా ఒక్క నమ్మకం మీద నిలబడి ఉంది. ‘చిట్టా డిస్కుకు చేరింది’ అని ఆపరేటింగ్ సిస్టమ్ చెబితే అది నిజంగా చేరి ఉండాలి. ఇలా చేర్చమని అడిగే పిలుపునే ఎఫ్‌సింక్ అంటారు. కాని డిస్కులోపల కూడా చిన్న మెమరీ ఉంటుంది. కొన్ని చవక డిస్కులు సమాచారం ఆ మెమరీలోకి రాగానే ‘రాసేశాను’ అని బదులిస్తాయి. కరెంటు పోతే ఆ మాట వట్టిదవుతుంది. సర్వర్ల కోసం తయారైన ఎస్‌ఎస్‌డీలలో కెపాసిటర్లు ఉండి, కరెంటు పోయాక కూడా ఆ కాస్త సమాచారాన్ని రాయడానికి చాలినంత శక్తిని ఇస్తాయి. రెయిడ్ కంట్రోలర్లలో బ్యాటరీ ఉండేది ఇందుకే. ఆ బ్యాటరీ చనిపోయిన సంగతి కరెంటు పోయిన రోజున తెలియడం మంచిది కాదు.

2018లో ఇంకొక లోపం బయటపడింది. లైనక్సులో ఎఫ్‌సింక్ ఒకసారి విఫలమైతే, రాయలేకపోయిన పేజీలను ఆపరేటింగ్ సిస్టమ్ ‘రాసినవి’గా గుర్తు పెట్టే సందర్భాలున్నాయనీ, రెండవసారి అడిగితే అంతా బాగుందని చెబుతుందనీ పోస్ట్‌గ్రెస్ నిర్మాతలు గమనించారు. ఎన్నో ఏళ్ళుగా వారు రెండవసారి అడిగి తృప్తిపడుతూ వచ్చారు. 2019 ఫిబ్రవరిలో వెలువడిన సవరణలతో పద్ధతి మారింది. ఎఫ్‌సింక్ విఫలమైతే సర్వరు తనంతట తానే ఆగిపోయి, చిట్టానుంచి పునరుద్ధరణ మొదలుపెడుతుంది. అనుమానం వచ్చినప్పుడు ఆవర్జాను వదిలి చిట్టా దగ్గరికి వెళ్ళడమే ఇక్కడి నీతి.

అమరికల విషయంలో ఒక తేడా గుర్తుంచుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఖరారుకు డిస్కు కోసం ఆగనక్కరలేదని అమర్చుకుంటే చివరి కొద్దిపాటి లావాదేవీలు పోవచ్చు గాని, మిగిలిన డేటాబేసు సక్రమంగానే ఉంటుంది. ఎఫ్‌సింక్‌నే పూర్తిగా ఆపితే మొత్తం డేటాబేసు పాడయ్యే ప్రమాదం ఉంది. మొదటిది తెలిసి చేసుకున్న బేరం. రెండవది, సమాచారాన్ని మరొకచోటనుంచి తిరిగి తెచ్చుకోగలిగినప్పుడు మాత్రమే పనికివస్తుంది. ఇన్నోడీబీలోనూ ఖరారు సమయంలో చిట్టాను డిస్కుకు పంపే అమరిక 1 ఉండాలి. 0 లేదా 2 ఉంటే దాదాపు ఒక సెకను పని పోవచ్చు.

కరెంటు వచ్చాక చేయవలసినవి

మొదట, తొందరపడకూడదు. కరెంటు వచ్చి పోతూ ఉంటే సర్వరును ఆన్ చేయకుండా ఆగడం మేలు. సరఫరా నిలకడైనాక యంత్రాన్ని మాత్రం లేపి, డేటాబేసును ఇంకా లేపకుండా, డిస్కుల పరిస్థితి చూడాలి. డిస్కు లోపాలున్నాయా, రెయిడ్‌లో ఏదైనా డిస్కు పక్కకు తప్పుకుందా, ఫైలు వ్యవస్థ సరిగా తెరుచుకుందా, ఖాళీ స్థలం ఉందా అన్నవి పరిశీలించాలి. డేటాబేసు ఉన్న డిస్కు తన చోట అతుక్కుందో లేదో ప్రత్యేకంగా చూడాలి. అది అతుక్కోకపోతే ఆ చోట ఖాళీ డైరెక్టరీ కనిపిస్తుంది. దానిలో కొత్త డేటాబేసును సృష్టించే ప్రారంభ స్క్రిప్టులు ఉంటే గందరగోళం రెట్టింపవుతుంది.

రెండవది, ఏ కాస్త అనుమానమున్నా, డేటాబేసును మొదలుపెట్టకముందే చిట్టాతో సహా మొత్తం డైరెక్టరీని వేరొక డిస్కుకు నకలు తీసుకోవాలి. తరువాత మనం చేసే ఏ ప్రయత్నం విఫలమైనా తిరిగి మొదటికి రావడానికి ఆ నకలే ఆధారం.

మూడవది, సర్వరును ఒకసారి మొదలుపెట్టి, అది రాసే సందేశాలను చదువుతూ ఓపికగా వేచి ఉండాలి. సరిగా మూయకపోవడం వల్ల స్వయంచాలక పునరుద్ధరణ జరుగుతోందని పోస్ట్‌గ్రెస్ చెబుతుంది. చిట్టాను ఎక్కడినుంచి అమలు చేయడం మొదలుపెట్టిందో, ఎక్కడ ముగించిందో చెబుతుంది. చివరికి కనెక్షన్లు తీసుకోవడానికి సిద్ధమని చెబుతుంది. ఈలోగా కనెక్టు కావడానికి ప్రయత్నించినవారికి ‘ఇంకా మొదలవుతోంది’ అన్న జవాబు వస్తుంది. చాలా సందర్భాలలో కథ ఇక్కడితో సుఖాంతమవుతుంది. ‘ఎంతసేపటికీ లేవడం లేదు’ అని మధ్యలో చంపి మళ్ళీ మొదలుపెడితే సమాచారం పోదు గాని, జరిగిన పని చాలావరకు మళ్ళీ మొదటికి వస్తుంది.

సర్వరు లేవకపోతే సందేశం ఏమంటున్నదో చూడాలి. స్థలం లేదంటే స్థలం కల్పించాలి. తాళం ఫైలు మిగిలిపోయిందంటే, పాత సర్వరు ప్రక్రియ ఏదీ నడవడం లేదని రూఢి చేసుకున్న తరువాతనే దానిని తీసివేయాలి. ఒకే డైరెక్టరీ మీద ఇద్దరు సర్వర్లు పనిచేస్తే కరెంటు చేయని నష్టం అవి చేస్తాయి.

చేయకూడనివి

స్థలం కోసం చిట్టా ఫైళ్ళను తుడిచివేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. పోస్ట్‌గ్రెస్‌లో చిట్టా ఉండే డైరెక్టరీ పేరులో చాలాకాలం లాగ్ అన్న మాట ఉండేది. మామూలు సందేశాల ఫైళ్ళను కూడా లాగ్ అనే అంటారు గనుక, ఇవీ అలాంటివే అనుకొని తుడిచినవారు ఎందరో. తుడిచిన తరువాత సర్వరు లేవదు. ఈ కారణంగానే 2017లో వచ్చిన 10వ వెర్షనులో ఆ డైరెక్టరీకి పేరు మార్చారు. ఒక మాటకు రెండు అర్థాలుండడం వల్ల ఎంత నష్టం జరుగుతుందో భాషా విద్యార్థులకు ఇదొక మంచి ఉదాహరణ.

చిట్టా నిజంగా పాడైపోయినప్పుడు వాడడానికి కొన్ని చివరి అస్త్రాలున్నాయి. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ రీసెట్‌వాల్ అనే పరికరం చిట్టాను పక్కకు తోసి కొత్తది మొదలుపెడుతుంది. ఇన్నోడీబీలో బలవంతపు పునరుద్ధరణకు 1 నుంచి 6 వరకు మెట్లున్నాయి. 4, అంతకు పైమెట్లు సమాచారాన్ని శాశ్వతంగా పాడుచేయవచ్చు. ఇవి సర్వరును లేపుతాయి గాని, లోపలి లెక్కలు పొసగుతాయని హామీ ఇవ్వవు. నకలు తీసుకున్నాకే, కింది మెట్టునుంచే మొదలుపెట్టి వీటిని వాడాలి. సర్వరు లేవగానే సమాచారాన్ని బయటికి దింపుకొని, కొత్త డేటాబేసులోకి ఎక్కించాలి. అలా లేచిన సర్వరునే మామూలుగా నడుపుకుంటూ పోవడం తగదు.

కోలుకున్న తరువాత

వర్తకులు ఆవర్జా ముగించాక అంకణా వేసి సరిచూసుకొన్నట్లే, ఇక్కడా సరిచూసుకోవాలి. ప్రతి పట్టికను పూర్తిగా చదివి బయటికి దింపడం తేలికైన పరీక్ష. పోస్ట్‌గ్రెస్‌లో పేజీల, సూచికల పొందికను పరీక్షించే పీజీ ఆమ్‌చెక్ 2021లో వచ్చిన 14వ వెర్షను నుంచి అందుబాటులో ఉంది. పేజీలకు సరిచూపు సంఖ్య వేసే సౌకర్యం 2025లో వచ్చిన 18వ వెర్షను నుంచి కొత్త డేటాబేసులకు మామూలు అమరికగానే లభిస్తోంది.

కొన్ని విషయాలు చూసి కంగారుపడనక్కరలేదు. పోస్ట్‌గ్రెస్‌లో వరుస సంఖ్యలు ఇచ్చే సాధనం చిట్టా భారం తగ్గించుకోవడానికి 32 సంఖ్యలను ముందుగానే లెక్కలో వేసుకుంటుంది. అందువల్ల కరెంటు పోయిన తరువాత రసీదు సంఖ్యలలో ఖాళీ కనిపించవచ్చు. రసీదులు పోయాయని దాని అర్థం కాదు. చిట్టా రాయనక్కరలేదని చెప్పి సృష్టించిన పట్టికలు మాత్రం ఖాళీ అవుతాయి. అది వాటి స్వభావం.

కంగారుపడవలసిన విషయం ఒకటుంది. ఎవరో ఫీజు కట్టి బటను నొక్కారు. ‘ఖరారైంది’ అన్న జవాబు రాకముందే కరెంటు పోయింది. ఆ లావాదేవీ ఖరారై ఉండవచ్చు, కాకపోయీ ఉండవచ్చు. జవాబు రాలేదు గనుక జరగలేదని అనుకొని మళ్ళీ నొక్కితే రెండుసార్లు కట్టినట్లవుతుంది. డేటాబేసు దీనిని పరిష్కరించలేదు. ప్రతి కోరికకు ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, తిరిగి పంపే ముందు ఆ సంఖ్య నమోదైందో లేదో చూసుకొనేలా ప్రోగ్రాము రాయడం మన బాధ్యత.

తెలుగు సమాచారం దాచుకొనేవారికి మరొక జాగ్రత్త. పాత యంత్రం చెడి, దాని డిస్కును వేరొక యంత్రానికి తగిలించి డేటాబేసును లేపవలసి వస్తే, రెండింటిలోనూ అక్షరక్రమ నియమాలు ఒకటేనా అని చూడాలి. లైనక్సులో ఆ నియమాలను ఇచ్చే జీలిబ్‌సీ గ్రంథాలయం 2018లో విడుదలైన 2.28 వెర్షనులో వాటిని విస్తారంగా మార్చింది. పాత క్రమంలో కట్టిన సూచికను కొత్త క్రమంతో వెతికితే ఉన్న మాట కూడా లేదని జవాబు రావచ్చు. సూచికలను తిరిగి కట్టించుకుంటే ఈ చిక్కు తీరుతుంది.

ముందు జాగ్రత్తలు

చిట్టా కరెంటు పోవడాన్ని తట్టుకుంటుంది. డిస్కే కాలిపోతే, వరద నీటిలో మునిగితే అదీ పోతుంది. అందుకని డేటాబేసు పూర్తి నకలును వేరొక చోట, వీలైతే వేరొక ఊరిలో ఉంచాలి. ఆ నకలు తరువాతి చిట్టా ఫైళ్ళను కూడా ఎప్పటికప్పుడు అక్కడికి పంపుతూ ఉంటే, వాటిని అమలు చేసి మనం కోరిన క్షణం వరకు డేటాబేసును నిలబెట్టుకోవచ్చు. పక్కన మరొక సర్వరు ఇదే సమాచారంతో నడుస్తోంది గదా అని ఊరుకోరాదు. ఇక్కడ పొరపాటున చెరిపిన పట్టిక క్షణంలో అక్కడా చెరిగిపోతుంది. యూపీఎస్ బ్యాటరీ అడుగంటుతున్నప్పుడు సర్వరుకు సంకేతం పంపి క్రమంగా మూయించే ఏర్పాటు ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, నకలునుంచి తిరిగి నిలబెట్టడాన్ని అప్పుడప్పుడు చేసి చూడాలి. ఎన్నడూ తెరిచి చూడని నకలు మీద భరోసా పెట్టుకోలేము.

ఆసక్తిగల విద్యార్థులు దీనిని చదివి ఊరుకోక, ఒక పాత కంప్యూటరు మీద ప్రయోగం చేయవచ్చు. అందులో ముఖ్యమైన సమాచారమేదీ ఉండకూడదు. దాని మీద పోస్ట్‌గ్రెస్ పెట్టి, 1, 2, 3 అని వరుసగా అంకెలను ఒక్కొక్క లావాదేవీగా చేర్చే చిన్న ప్రోగ్రామును వేరొక కంప్యూటరునుంచి నడపండి. ఖరారైందని జవాబు వచ్చిన ప్రతి అంకెనూ ఆ రెండవ కంప్యూటరులో రాసుకోండి. మధ్యలో ప్లగ్గు పీకి, మళ్ళీ పెట్టి, డేటాబేసులోని చివరి అంకెను మీ దగ్గర ఉన్న చివరి అంకెతో పోల్చండి. డేటాబేసులో ఒకటి ఎక్కువ ఉండవచ్చు. అది జవాబు చేరేలోగా ఖరారైన లావాదేవీ. తక్కువ మాత్రం ఉండకూడదు. తక్కువ ఉంటే మీ అమరికలోనో, డిస్కులోనో ఎక్కడో అబద్ధం ఉన్నదన్నమాట. ఎఫ్‌సింక్‌ను ఆపి ఇదే ప్రయోగాన్ని పలుమార్లు చేసి చూస్తే, చిట్టా విలువ ఎంతో మీ కళ్ళకే కనిపిస్తుంది.